పన్నెండో పేరు

మా దేశంలో ఎవరినీ "మీ మతం ఏమిటి?" అని అడగరు. అది మర్యాద కాదు. ఊరు అడుగుతాం. ఊరు చెప్పాక ఏ వాడ అని అడుగుతాం. అప్పటికీ తేలకపోతే తాతగారి పేరేమిటి, అమ్మగారు ఎవరింటి ఆడపడుచు, చెల్లెల్ని ఎక్కడ ఇచ్చారు అంటూ కాఫీ చల్లారేలోపు తేల్చేస్తాం. మనం ఏం వెతుకుతున్నామో అవతలివాళ్లకీ తెలుసు. అయినా ఇద్దరం ఊళ్ల గురించే మాట్లాడుకుంటున్నట్టు నటిస్తాం. నేను ఈ విద్యలో ఆరితేరినదాన్ని. బెకా లోయలోని మా విశ్వవిద్యాలయ శాఖలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. ఇన్నేళ్లలో కొత్తగా వచ్చిన ఏ మేష్టారి దగ్గరా రెండో కప్పు కాఫీ దాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు. నా పేరు నుహాద్. ఈ పేరు అన్ని వర్గాల్లోనూ ఉంది కాబట్టి, మా వైపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈపాటికే నా ఊరేదో వెతుకుతూ ఉంటారు. నేను చెప్పను.

ఈ విద్య నాకు కాలక్షేపానికి కాదు, కూటికి పనికొచ్చేది. మాది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కొండ మీద అద్దాల మేడలున్న ప్రైవేటు వాళ్ల ఫీజుల ముందు మాది ఫీజే కాదు. అందుకే ట్యాక్సీ డ్రైవర్ల పిల్లలు, బంగాళాదుంప పొలాల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, జీతానికి విలువ పోయిన సిపాయిల పిల్లలు మా దగ్గరికి వస్తారు. వాళ్లకి చదువు చెప్పేవాళ్లలో మా శాఖలో నలుగురిలో ముగ్గురు గంటలవాళ్లు. అంటే పాఠం చెప్పిన గంటకే డబ్బు. పండగ సెలవులకి లేదు, మంచు పడి దారులు మూసుకుపోతే లేదు, జెనరేటర్లో డీజిల్ అయిపోయి తరగతి జరగకపోతే లేదు. చెప్పిన గంటల డబ్బు కూడా ఏడాదికోసారి, అదీ ఎవరైనా రోడ్డెక్కితే వస్తుంది. పింఛను లేదు, ఆస్పత్రి కార్డు లేదు.

ఈ గంటలవాళ్లని పూర్తికాలం ఉద్యోగంలోకి తీసుకునే అధికారం ఒకప్పుడు విశ్వవిద్యాలయానికే ఉండేదట. తర్వాత మంత్రివర్గం లాక్కుంది. మంత్రివర్గం కూర్చోవాలంటే ముందు మంత్రివర్గమంటూ ఒకటి ఉండాలి, మాకు ఒక్కోసారి ఏడాది పొడుగునా ఉండదు. ఉన్నప్పుడు ఫైలు కదులుతుంది. జాబితాలో సగం మంది ముస్లింలు, సగం మంది క్రైస్తవులు లేకపోతే ఏ మంత్రో అడ్డు చెబుతాడు, ఫైలు వెనక్కి వస్తుంది. పన్నెండేళ్లలో ఆ ఫైలుని నేను పద్నాలుగు సార్లు టైపు చేశాను. ఆ పేర్లలో ముగ్గురు చనిపోయారు. ఒకాయన విసిగిపోయి కొడుకుతో కలిసి టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఉన్నత విద్య మీద మా ప్రభుత్వానికి ఒక విధానం అంటూ ఉందా అని విద్యార్థులు అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తుంటారు. ఉంది, వాయిదా వేయడం. దాన్ని మాత్రం తూచా తప్పకుండా అమలు చేస్తారు.

వఫీక్ షాహీన్ మా దగ్గర రసాయనశాస్త్రం చెబుతాడు. పదహారేళ్లుగా గంటలవాడే. ప్యారిస్‌లో డాక్టరేట్ చేసి తిరిగొచ్చిన మనిషి. ప్రయోగశాలకి బడ్జెట్ లేక ఇంటి నుంచి వినిగరు సీసాలు, బేకింగ్ సోడా డబ్బాలు తెచ్చి పిల్లలచేత ప్రయోగాలు చేయిస్తాడు. మొదటి రోజు నా బల్ల ముందు కూర్చున్నప్పుడే అడిగాను, ఏ ఊరు డాక్టర్ అని. ఐన్ హూర్ అన్నాడు. ఆ ఊరు నాకు తెలుసు. పై వాడలో ఆర్థడాక్స్ క్రైస్తవులు, కింది వాడలో ద్రూజులు. ద్రూజులు లెక్కలో ముస్లింల సగంలోకి వస్తారు. పైనా కిందా అని అడిగాను. "పైన, పాత మర పక్కన" అన్నాడు. అంతే, తేలిపోయింది. తర్వాత ప్రతి ఈస్టర్‌కీ ఇంట్లో చేసిన అక్రోటు మామూల్ బిస్కెట్లు డబ్బాలో తెచ్చి ఆఫీసులో పంచేవాడు. ఇక అనుమానం ఎందుకు?

అతని కాగితాల్లో మాత్రం మతం గడిలో ఒక అడ్డ గీత ఉంటుంది. అతనూ అతని భార్య హాలా వేరు వేరు మతాల్లో పుట్టారు. అలాంటివాళ్లకి ఇక్కడి చట్టంలో పెళ్లి లేదు కనుక సైప్రస్ వెళ్లి చేసుకున్నారు. ఎవరో ఒకరు మతం మారితే సరిపోతుంది కదా అని రెండు కుటుంబాలూ ఏళ్ల తరబడి పోరాయి. వీళ్లు వినలేదు. తర్వాత ఇష్టమైనవాళ్లు పౌర రిజిస్టర్‌లో మతాన్ని కొట్టేయించుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడు, ఇద్దరూ ఒకే రోజు, ఒకే క్యూలో నిలబడి కొట్టేయించుకున్నారు. ఆ గీత గురించి చెప్పేటప్పుడు మాత్రం వఫీక్ ముఖంలో కొంచెం గర్వం కనిపించేది. మిగతా ఏ విషయంలోనూ అతను గర్వపడగా నేను చూడలేదు.

ఈ ఏడాది మే నెలలో బేరూత్ కేంద్ర కార్యాలయం నుంచి జోర్జెట్ ఫోన్ చేసింది. ఆ ఫైలు ఉండేది ఆమె బల్ల మీదే. ఇరవై ఏళ్ల ఫోను స్నేహం మాది, మనిషిని రెండుసార్లే చూశాను.

"నుహాద్, ఈసారి నిజంగా వెళ్తోంది" అంది.

"ఆ మాట నువ్వు టేపు మీద రికార్డు చేసి పెట్టుకో. నోరు నొప్పి పుట్టదు."

"వెటకారం తర్వాత. ఏ శాఖ జాబితా ఆ శాఖే సరిచూసి పంపాలంటున్నారు. మీది చూశాను. ఇటు ఆరుగురు, అటు అయిదుగురు, ఒక గీత. గీతకి నా దగ్గర వరుస లేదు. అటు ఒకరిని పెంచు, లేదా ఇటు ఒకరిని తియ్యి. ఈ శుక్రవారం కాదు, తర్వాతి శుక్రవారం దాకా టైముంది." ఇటంటే ముస్లింలు, అటంటే క్రైస్తవులు.

డైరెక్టరు డాక్టర్ ముంజిర్ తలుపు మూసి నన్ను కూర్చోమన్నాడు. ఆయన తలుపు మూసి 'సిత్', అంటే 'అమ్మగారూ', అన్నాడంటే ఏదో పని నా నెత్తిన పడబోతోందని అర్థం.

"మీరైతే బాగుంటుంది సిత్ నుహాద్. ఆడవాళ్లు చెబితే నొచ్చుకోరు."

"ఏం చెప్పాలి?"

"ఆయన రికార్డులో ఏదో లోపం ఉంది కదా. సరిచేసుకోమని."

"లోపం కాదండీ, ఆయనే చేయించుకున్నారు."

"అదే, చేయించుకున్న లోపం." ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. "తక్కువైన వైపే కదా ఆయన?"

"నేను చెబుతున్నాగా."

"మీరు చెబితే ఇంక చూసుకోనక్కర్లేదు."

ఆ మాటకి నేను పొంగిపోయానని ఇప్పుడు ఒప్పుకోవడానికి మొహమాటంగా ఉంది, కానీ పొంగిపోయాను.

ప్రయోగశాలలో వఫీక్ ఒక్కడే గాజు గొట్టాలు కడుగుతున్నాడు. కరెంటు లేదు, కిటికీ దగ్గరికి బల్ల జరుపుకుని ఆ వెలుతురులో చేస్తున్నాడు.

"జోర్జెట్ ఫోన్ చేసింది" అన్నాను.

"ఈసారి నిజంగా వెళ్తోందా?"

"అవునంది."

"పన్నెండేళ్లుగా నిజంగానే వెళ్తోంది పాపం." గొట్టం ఎత్తి వెలుతురులో చూశాడు. "నా పేరుందా?"

"ఉంది. పన్నెండోది. కానీ మీ గడి ఖాళీగా ఉంది."

అతనికి వెంటనే అర్థమైంది. గొట్టాన్ని స్టాండులో పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"ఖాళీ కాదు సిత్ నుహాద్. గీత ఉంది అక్కడ."

"గీతకి వరుస లేదంట డాక్టర్."

"ఉప్పుకీ ఆమ్లానికీ తేడా చెప్పడానికి ఏ వరుసలోవాడైతే మేలంటారు?"

"నన్నడిగి ఏం లాభం? నేను టైపు కొట్టేదాన్ని." స్టూలు లాక్కుని కూర్చున్నాను. నా మోకాళ్లు కూడా మునుపటిలా లేవు. "చూడండి. అరవై దాటితే జాబితాలో పెట్టరు. మార్చిలో కదా మీకు అరవై?"

"ఫిబ్రవరి."

"మరింకేం. ఇది పోతే మళ్లీ జాబితా వచ్చేసరికి మీరు ఉత్తి చేతులతో ఇంట్లో ఉంటారు. హాలా గారి బడి కూడా మూతపడింది. మొన్న గుండె పరీక్షకి డబ్బులెలా కట్టారు?"

"కారు అమ్మాను" అన్నాడు. "మీకు తెలుసుగా, బస్సులో వస్తున్నాను."

"ఒక్క సంతకం. పింఛను, ఆస్పత్రి కార్డు, నెల నెలా జీతం. సంతకం పెట్టినంత మాత్రాన రేపటి నుంచి మీరేం ప్రార్థనలకి పరిగెత్తక్కర్లేదు."

అతను నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"ఆ గీత కోసం మా నాన్న నాతో మాట్లాడడం మానేశాడు సిత్ నుహాద్. పోయేదాకా మాట్లాడలేదు. ఇప్పుడు వెళ్లి మళ్లీ ఆయన వరుసలోనే నిలబడాలి."

"పోయినవాళ్లు ఇవన్నీ పట్టించుకోరు."

"బతికున్నది పట్టించుకుంటుంది కదా. హాలాకి ఏం చెప్పను?"

ఇక్కడ నేను అన్న మాటని తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్క లేదు. "చెప్పకండి" అన్నాను. "అదొక కాగితం. ఫైల్లో పడుంటుంది. ఎవరు చూస్తారు?"

ఏ వైపు ఒకరు తక్కువయ్యారో నేను చెప్పలేదు, అతను అడగలేదు. అలాంటి మాటలు మేం నోటితో అనం. పని ఎలాగూ తెలిసినవాళ్లే చేస్తున్నారని అతను అనుకున్నాడు. ఆ తెలిసినదాన్ని నేనే.

తొమ్మిది రోజులు ఏ సంగతీ చెప్పలేదు. క్లాసులకి వచ్చాడు, వెళ్లాడు. ఒకరోజు నా గుమ్మం దగ్గర ఆగి, ఏదో చెప్పబోయి, "సుద్దముక్కలు ఉన్నాయా?" అని అడిగి నాలుగు తీసుకుని పోయాడు. పదో రోజు గురువారం. మధ్యాహ్నం రెండింటికి బేరూత్ వెళ్లే మా శాఖ కారు బయల్దేరాలి. ఒంటిగంటా ముప్పావుకి వఫీక్ వచ్చాడు. ఐన్ హూర్ ముఖ్తార్, అంటే ఊరి పెద్ద, ముద్ర వేసి అంటించిన బ్రౌను కవరు బల్ల మీద పెట్టాడు. పొద్దున్నే రెండు బస్సులు మారి ఊరికి వెళ్లి, రిజిస్టర్ కార్యాలయంలో సంతకం పెట్టి, కొత్త నమోదు పత్రం తెచ్చుకున్నాడు. బూట్ల నిండా దుమ్ము ఉంది.

"ఇంతే కదా?" అన్నాడు.

"ఇంతే డాక్టర్. కాఫీ తాగుతారా?"

"వద్దు. నోరంతా చేదుగా ఉంది."

అతను వెళ్లాక కవరు చేతిలోకి తీసుకున్నాను. విప్పలేదు. కారు గేటు దగ్గర హారన్ కొడుతోంది, అదొక కారణం. అసలు కారణం వేరే. పదహారేళ్లు దాచుకున్న విషయాన్ని ఒక మనిషి మూసిన కవరులో పెట్టి ఇస్తే, అతని ఎదురుగానే కాదు, వెనకాల చింపి చూడడం కూడా నాకు మర్యాదగా తోచలేదు. పైగా లోపల ఏముందో నాకు తెలిసిందే. కవరుని అలాగే ఫైలుకి పిన్ను కొట్టి, జాబితాలో క్రైస్తవుల వరుసలో ఆరో పేరుగా వఫీక్ షాహీన్ అని టైపు చేశాను. ఆరూ ఆరూ పన్నెండు. డైరెక్టరు చూడకుండానే సంతకం పెట్టాడు. ఇంటికి వెళ్లే దారిలో ఒక మంచి పని చేశానని నాకు నేనే ఒక మనూషే రొట్టె కొనుక్కుని తిన్నాను.

తర్వాతి బుధవారం మళ్లీ జోర్జెట్ ఫోన్ చేసింది. మర్నాడే మంత్రివర్గ సమావేశం.

"నుహాద్, నువ్వు నాకేం పంపావు?"

"జాబితా."

"కవరు విప్పి చూశావా?"

"ఎందుకు విప్పాలి? తెలిసిందే కదా."

"ఏం తెలుసు నీకు?"

నేను ఐన్ హూర్ అన్నాను. పై వాడ అన్నాను. పాత మర పక్కిల్లు అన్నాను. ఈస్టర్ మామూల్ సంగతి కూడా చెప్పాను. ఆమె అంతా విని నిట్టూర్చింది.

"ద్రూజు, నుహాద్. తాత ముత్తాతల దాకా ద్రూజులే. కాగితం నా ముందే ఉంది."

"పై వాడలో ద్రూజులు లేరు."

"ఇల్లు కొనుక్కుని ఉంటారు. బ్రెజిల్ వెళ్లిపోయినవాళ్లు అమ్ముకుంటారు, ఉన్నవాళ్లు కొనుక్కుంటారు. మనుషులు ఇళ్లు కొనుక్కోరా ఏంటి?"

"మరి మామూల్?"

"పెళ్లాం తరఫువాళ్లు చేసి పంపుతారేమో. నన్నడుగుతావేంటి?"

పదహారేళ్లుగా నేను తిన్న బిస్కెట్లు అతని అత్తగారు చేసినవి. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. హాలా ఏ ఊరో కూడా నేనెప్పుడూ అడగలేదు, అతనిది తేలిపోయాక ఇంక అవసరం ఏముందని.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాను.

"ఇటు ఏడుగురు, అటు అయిదుగురు. జాబితాలో చివర చేరినవాడు, సర్వీసు తక్కువ మిగిలినవాడు ఎవరో నీకూ తెలుసు. ఆయన్నే తీసేశారు. నేను కాదు, పైవాళ్లు."

"ఆ కాగితం నాకు తిప్పి పంపెయ్. అది రానే లేదనుకో. గీతే ఉందని రాసుకో."

"ముద్ర పడింది, నంబరు పడింది. కంప్యూటర్లో కూడా ఎక్కింది." ఆమె గొంతు తగ్గించి అంది. "అయినా గీతే ఉండి ఉంటే…"

"ఉండి ఉంటే?"

"నిన్న పైనుంచి మాట వచ్చింది. గీతలవాళ్లు ఎవరికీ చెందరు కాబట్టి, ఎక్కడ తక్కువైతే అక్కడ వేసేయమని. అన్ని శాఖల్లో కలిపి తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది పేర్లూ జాబితాల్లోకి ఎక్కేశాయి. మీ అటు వరుసలో ఆరో చోటుకి ఉత్తరం శాఖ నుంచి ఒక అమ్మాయిని వేశారు. గీత అమ్మాయి. పోస్టు మీ శాఖకే వస్తుంది."

"కెమిస్ట్రీనా?"

"గణితం."

మా దగ్గర గణితం చెప్పేవాళ్లు నలుగురున్నారు. కెమిస్ట్రీకి వఫీక్ ఒక్కడే. ఆ మాట జోర్జెట్‌కి చెప్పాను. ఆమెకి కూడా తెలుసు. ఫోను పెట్టేశాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. గురువారం పొద్దున అతనికి ఆ బస్సు తప్పిపోయి ఉంటే, ఆ ముఖ్తార్ ఇంట్లో లేకపోయి ఉంటే, లేదా నేను పది రోజుల పాటు నోరు మూసుకుని ఉంటే అతనికి ఉద్యోగం వచ్చి ఉండేది.

డైరెక్టరుకి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు చెప్పారు కదా అని…" అన్నాడు.

"అవునండీ, నేనే చెప్పాను."

"ఆయనకి కూడా మీరే చెబితే బాగుంటుంది."

గురువారం సాయంత్రం టీవీలో చెప్పారు, ఫైలు పాసయిందని. మా శాఖలో పదకొండు మందికీ వచ్చింది. శుక్రవారం పొద్దున్నే ఒకాయన బక్లావా మిఠాయి పళ్లెం తెచ్చాడు. ఒకామె కారిడార్‌లో కూలబడి ఏడ్చింది, పన్నెండేళ్ల ఏడుపది. అందరూ నా బల్ల దగ్గరికి వచ్చి నా చేతులు పట్టుకున్నారు. వాళ్ల సంతోషం నాకు ముళ్లలా ఉంది. వఫీక్ కూడా వచ్చాడు, జాబితా చూడడానికి. గోడకి అంటించిన కాగితం ముందు నిలబడి, వేలితో కింది దాకా వెళ్లి, మళ్లీ పై నుంచి మొదలుపెట్టాడు. ఆ రెండోసారి చూడడం నేను భరించలేకపోయాను. చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకొచ్చి తలుపు మూశాను.

అంతా చెప్పాను. దాచలేదు. కవరు విప్పలేదని, పై వాడ అన్నందుకు క్రైస్తవుడనుకున్నానని, మామూల్ చూసి నమ్మానని, గీత ఉంటే మేలయ్యేదని, నా సలహా వల్లే పోయిందని. అతను కుర్చీ చివర కూర్చుని విన్నాడు.

"మా తాత కొన్నాడు ఆ ఇల్లు" అన్నాడు చివరికి. "మామూల్ మా అత్తగారు చేసి పంపేది."

"ఇప్పుడు తెలిసింది."

"నా చోట్లో ఎవరు వచ్చారు?"

"ఉత్తరం నుంచి ఒక అమ్మాయి. గీత ఉందట."

అతను నవ్వాడు. ఈసారి నవ్వు సగంలో ఆగలేదు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నాకు భయమేసింది.

"పోన్లెండి. ఎవరికో ఒకరికి పనికొచ్చింది. చిన్నదా?"

"ముప్ఫై రెండట."

"మంచి వయసు." లేచాడు. "మీరు తప్పు చేశారని నేననను సిత్ నుహాద్. నేను మిమ్మల్ని అడిగి ఉండొచ్చు, ఏ వైపు తక్కువైందని. నేనూ అడగలేదు. సిగ్గుపడ్డాను."

"మళ్లీ కొట్టేయించుకోండి. అర్జీ నేను రాసిస్తాను."

"ఆ క్యూలో మొదటిసారి ఇద్దరం నిలబడ్డాం. ఇప్పుడు ఒక్కణ్నే వెళ్లి ఏమని చెప్పను? ఉద్యోగం కోసం రాయించుకున్నాను, రాలేదు కాబట్టి తీసేయండి అనా?" తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు. "హాలాకి చెప్పొద్దన్నారు మీరు."

"అన్నాను."

"చెప్పలేదు."

ఆ వేసవిలో నేను రెండుసార్లు ఫోన్ తీసి హాలా నంబరు దాకా వెళ్లి మానేశాను. మధ్యలో మనకెందుకులే అనుకున్నాను. మధ్యలో దూరి చేసిందంతా చేశాక ఆ మాట అనుకోవడం ఎంత సుళువో. జూలైలో గణితం అమ్మాయి వచ్చి చేరింది. మంచి పిల్ల, బెరుకు మనిషి. తను ఏ ఊరో నేను అడగలేదు. కాఫీ ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించి పంపేశాను. గణితంలో గంటలు చాలక ఆమెకి వారానికి ఒకే తరగతి ఇచ్చారు, మిగతా రోజుల్లో లైబ్రరీలో కూర్చునేది. జీతం మాత్రం పూర్తిగా వచ్చేది.

సెప్టెంబరులో గంటలవాళ్ల ఒప్పందాలు మళ్లీ రాయాలి. ప్రతి ఏడాదీ అదే ఫారం, అవే కాగితాలు. మూడు నెలలు దాటని కుటుంబ నమోదు పత్రం కూడా జతచేయాలి, ఎందుకో ఎవరికీ తెలియదు. వఫీక్ పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు. వయసు ఒక్కసారిగా మీద పడింది. చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి ఉంది. ఫారం, పత్రం, రెండు ఫోటోలు నా ముందు పెట్టాడు.

ఈసారి పత్రం మడత విప్పి చదివాను. పైన అతని పేరు, మతం గడిలో ద్రూజు. కింద హాలా పేరు, మతం గడిలో గీత. ఇద్దరి పేర్లూ ఒకే కుటుంబం కింద ఉన్నాయి. పత్రం తారీఖు నిన్నటిది.

"ఊరికి వెళ్లొచ్చారా డాక్టర్?"

"లేదు. నాకు ఒంట్లో బాలేదు. హాలా వెళ్లింది."

"చూశారా ఆవిడ?"

"ముఖ్తార్ చేతికిచ్చేటప్పుడే చదివి ఇస్తాడుగా. పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమని."

"కోప్పడ్డారా?"

"లేదు." అతను కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "వచ్చి భోజనం వడ్డించింది. పప్పూ అన్నం కలిపి వండే ముజద్దరా చేసింది. నేను తినడం అయ్యాక ఈ పత్రం నా ముందు పెట్టి, 'దీనికి బదులు నీకేమిచ్చారు?' అని అడిగింది."

నేను పత్రాన్ని మళ్లీ మడతపెట్టాను.

"నేనేం చెప్పాలి? ఈ గంటల ఒప్పందం ఫారం తన రెండో చేతిలోనే ఉంది. నా పేరు, గంటలు, అంతా తనే నింపింది. నా చెయ్యి వణుకుతోందని."

ఫారం తిప్పి చూశాను. అక్షరాలు అతనివి కావు, గుండ్రంగా, బడి పంతులమ్మ రాతలో ఉన్నాయి. కింద సంతకం గడి ఒక్కటే మిగిలింది. నేను పెన్ను ఇచ్చాను. అతను సంతకం పెట్టి, తొమ్మిదింటి క్లాసుకి సుద్దముక్కలు అడిగి తీసుకుని వెళ్లాడు.